చుట్టకుదురు నాంచారమ్మకు సూపర్ హీరో హోదా

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బులున్నాయి గాని, కురిసే ఉద్దేశం ఒక్కదానికీ ఉన్నట్టు లేదు. ఒకదాని వెనక ఒకటి మెల్లగా జరిగి, కొండ దాకా పోయి ఆగి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ వెనక్కి తిరుగుతున్నాయి. బస్సు కోసం నిలబడి వాటికేసి చూస్తున్న కోటిలింగానికి తను పోబోయే ఆఫీసు ముందుగానే కళ్ళబడినట్టయింది.

కోటిలింగం బోర్డులు రాసే మనిషి. మండలంలో ట్రాక్టర్ల వెనక పేర్లూ, కిరాణా కొట్ల మీద అక్షరాలూ, బడి గోడల మీద పటాలూ చాలావరకు అతని చేతివే. నోరు తక్కువ, కన్ను ఎక్కువ. వాటి మధ్య తీరిక చేసుకుని ‘పిచ్చుక’ అనే పిల్లల మాసపత్రికకి నెలకో బొమ్మల కథ వేస్తాడు. దాని పేరు ‘చుట్టకుదురు నాంచారమ్మ’.

ఆ కథలో నాంచారమ్మ పాతగుడ్డ పేలికని గుండ్రంగా చుట్టి చుట్టకుదురుగా నెత్తిన పెట్టుకుందంటే, ఇక దాని మీద ఏది ఎత్తినా కిందపడదు. ఒక నెల వాగులో చిక్కుకున్న బస్సుని ప్రయాణికులతో సహా మోసి గట్టున పెట్టింది. కండక్టరు దారిలో టిక్కెట్లు కొడుతూనే ఉన్నాడు. ఇంకో నెల గాలివానకి కదిలిపోతున్న బడిని, లోపల ఎక్కాలు ఆగకుండా, మెరక మీదికి చేర్చింది. ప్రతి కథలోనూ చివరి గడి ఒకటే. కాపాడబడినవాళ్ళంతా బంతిలో కూర్చుని అన్నం తింటుంటారు. నాంచారమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది.

కోటిలింగం ఆమె కోసం పేరూ వెతకలేదు, రూపమూ వెతకలేదు. సొంత వదినెనే దించాడు. అన్న పోయాక ఇటుకలూ, గడ్డిమోపులూ, నీళ్ళ బిందెలూ నెత్తిన మోసి అతన్ని పెంచింది నాంచారమ్మే. ఇప్పుడు ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. కోటిలింగం చేతికి వానాకాలం పని ఉండదు. తడిగోడ మీద రంగు నిలవదు కదా. ఆ నెలల్లో ఇంటిని నడిపేది రేషను బియ్యం.

ఆ ఏడు పైవాళ్ళకి ఒక ఉత్సాహం పుట్టింది. పిల్లల్లో ధైర్యం సన్నగిల్లుతోందనీ, బడి లైబ్రరీల్లో ఇకనుంచి సూపర్ హీరోలు ఉన్న బొమ్మల కథలే ఉండాలనీ ఉత్తర్వు వచ్చింది. దాంతో పత్రికలన్నీ ఉన్న పాత్రలకే వీపున దుప్పట్లు కట్టాయి. నక్కకి ముసుగు పడింది. లెక్కల మాస్టారు ఎగరడం మొదలుపెట్టాడు. ఒక పత్రికలోనైతే తాబేలు కూడా ఎగిరింది. ఇది చూసి పైవాళ్ళు కంగారుపడి, అసలు వీరులెవరో నకిలీలెవరో తేల్చడానికి ‘అతిమానుష పాత్రల నిర్ధారణ మండలి’ని పెట్టారు. మండలి సర్టిఫికెట్టు లేని వీరుడు బడి గడప తొక్కరాదు.

‘పిచ్చుక’ ఎడిటరు ఫోన్ చేశాడు.

“కోటిలింగం గారూ, సర్టిఫికెట్టు తెస్తే నాంచారమ్మ ఉంటుంది. తేకపోతే వచ్చే నెల నుంచి ఆ పేజీల్లో ‘వైఫై వీరుడు’ వస్తాడు. వాడికి ముసుగు కూడా కుట్టించేశాం.”

“బొమ్మకి కుట్టించటమేందండీ?”

“ప్రారంభోత్సవానికండీ! మా బావమరిది వేసుకుంటాడు.”

అందుకని కోటిలింగం బొమ్మల చుట్ట చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

మండలి జాయింట్ డైరెక్టరు పరాంకుశరావు గారు మేడ మీద ఉంటారు. ఆయనకి నడుమూ గొంతూ రెండూ పెద్దవి. పక్కన విశ్వేశ్వరం అనే సన్నటి గుమాస్తా, ఆయన నోట్లోంచి మాట రాకముందే రాయడం మొదలుపెట్టి కూర్చుని ఉన్నాడు.

“అతిమానుష పాత్రకు చతుర్విధ లక్షణములు ఉండవలెను,” అన్నారు పరాంకుశరావు గారు. “శక్తి, ఉడుపు, లక్ష్యము, రహస్య జీవితము. ఒక్కటి లోపించినా సామాన్య పాత్ర కింద జమ. ముందు ఉడుపు. దుప్పటి ఏది?”

“లేదండి. కొంగుంది.”

“గాలికి ఎగురునా?”

“ఎగరదండి. నడుముకి దోపుకుంటుంది. పనిచేసేవాళ్ళు దోపుకుంటారండి.”

“అదే లోపం. ఎగరని వస్త్రము వీరవస్త్రము కానేరదు. పైపెచ్చు, లోపల తొడుక్కునేది పైన తొడుక్కోవాలని నిబంధన. ప్రపంచంలో పేరుపడ్డ వీరులందరూ ఆ విధంగానే ఉన్నారు.”

కోటిలింగం బొమ్మలో నెత్తి మీద వేలు పెట్టి చూపించాడు. “చుట్టకుదురు పాత లంగా చింపి చేసిందేనండి. అది నెత్తి మీద ఉంది.”

పరాంకుశరావు గారు బొమ్మని దగ్గరికి తీసుకుని చూశారు. “లోపలిది పైన. అన్నిటికంటే పైన. రాసుకో విశ్వేశ్వరం, ఉడుపు సంతృప్తికరము. లక్ష్యము?”

“అవతలివాళ్ళ బరువు దింపటమండి.”

“విశ్వసంరక్షణము అని రాయి. ఇక రహస్య జీవితము. ఈమె అసలు ఎవరో లోకానికి తెలియరాదు.”

“మా ఊళ్ళో అందరికీ తెలుసండి. గేదెలకి కూడా తెలుసు.”

“ఏదో ఒక రహస్యం ఉండాలయ్యా! రహస్యం లేనివాడు వీరుడెలా అవుతాడు?”

కోటిలింగానికి వైఫై వీరుడి ముసుగు కళ్ళ ముందు ఆడింది. వదినెకి దాపరికం అన్నది ఎక్కడుందా అని చిన్నప్పటి నుంచీ వెతుక్కుంటూ వచ్చాడు. చివరికి, “ఒకటుందండి,” అన్నాడు. “ఆవిడ ఎప్పుడు తింటుందో ఎవరూ చూళ్ళేదు. అందరికీ పెట్టాక తింటానంటుంది. ఒక్క ఇంట్లో ఉండి నేనే చూళ్ళేదండి.”

పరాంకుశరావు గారు కుర్చీలోంచి సగం లేచారు. “రహస్య భోజన జీవనము! భేష్! ఇంతవరకూ ఏ వీరుడూ దాఖలు చేయని రహస్యము! రాయి విశ్వేశ్వరం.”

విశ్వేశ్వరం అప్పటికే రాసేశాడు.

ఇక మిగిలింది శక్తి. అతిశక్తి అంటే మామూలు మనిషికి మించినది. మరి మామూలు మనిషికి ఎంత ఉంటుంది? ఈ సంగతి మండలి ముందే ఆలోచించింది. ఊరూరా తిరిగి మామూలు మనిషిని వెతకడం ఖర్చుతో కూడిన పని గనక, పరాంకుశరావు గారినే ప్రామాణిక సామాన్య మానవుడిగా తీర్మానించారు. ఆయన చెయ్యలేనిది ఎవరు చేసినా అది అతిశక్తి. 

కోటిలింగం ఎదుటే ప్రమాణం తీశారు. విశ్వేశ్వరం మూడు ఫైళ్ళు తెచ్చి ఆయన నెత్తిన పెట్టాడు. ఆయన రెండడుగులు వేశారో లేదో ఫైళ్ళు కిందపడ్డాయి. ఆయన గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ, “నమోదు చెయ్యి,” అన్నారు.

“బొమ్మను పరీక్షించడం సాధ్యం కాదు,” అన్నారు తర్వాత. “అది కాగితం మీద ఉంటుంది. బొమ్మకు మూలమైన వ్యక్తిని పరీక్షిస్తాం. మేమే వస్తాం.”

అన్నట్టే వచ్చారు. జీపు దిగేసరికి నాంచారమ్మ బోరింగు దగ్గర నించి వస్తోంది. నెత్తిన బిందె, బిందె మీద చెంబు, చంకలో మరో బిందె. దారిలో మేక ఒకటి ఎవరిదో పాదు కొరుకుతుంటే ఆగి, మెడ తిప్పి, దాన్నీ దాని తాలూకువాళ్ళనీ తిట్టి, వంగి మట్టిపెళ్ళ తీసి విసిరి, మళ్ళీ నడిచింది. చుక్క తొణకలేదు.

పరాంకుశరావు గారు నోరు తెరిచి చూశారు. “అమ్మా, ఈ శక్తి తమకు ఎట్లు సంక్రమించినది? ఏదైనా ఉల్క తగిలినదా? పురుగు కుట్టినదా?”

“జెర్రి కుట్టిందయ్యా ఒకసారి,” అంది నాంచారమ్మ. “దానికీ దీనికీ ఏం సంబంధం? పక్కకి జరుగు, కాళ్ళు తడుస్తయ్యి.”

“జెర్రి,” అని చెప్పారాయన విశ్వేశ్వరానికి, ఎంతో గౌరవంగా.

ఇంతలో బోరింగు దగ్గర నించి మిగతా ఆడవాళ్ళూ బిందెలతో వరసగా వచ్చారు. ప్రమాణం ప్రమాణమే. ఫైళ్ళు మూడూ నిలుపలేని మనిషి పక్కన అందరూ అతిమానుషులే. ఆ వీధి వీధినంతా అక్కడికక్కడే నమోదు చేశారు.

సర్టిఫికెట్టు అద్దం కట్టించి పంపారు. ‘పిచ్చుక’లో నాంచారమ్మ నిలబడింది. వైఫై వీరుడి ముసుగుని ఎడిటరు బావమరిది మోటారు సైకిలు తుడుచుకోవడానికి వాడుకున్నాడు. కోటిలింగం సంబరపడి, పటాన్ని గోడకి కొట్టి, చుట్టూ బంగారు రంగుతో తీగె కూడా వేశాడు.

“ఇంతకీ ఇదేందిరా?” అంది నాంచారమ్మ.

“నువ్వు సూపర్ హీరోవని వదినా.”

“అంటే ఏం పని చెయ్యాల?”

“చేసేదేం లేదు. చేస్తున్నదే.”

“మరి దానికి కాయితం ఎందుకు?” అని, ఆమె పటం మీద తడి పావడా ఆరేసింది. మేకు గట్టిగా ఉందని.

నెల మొదట్లో రేషను కొట్టుకి పోయినప్పుడు ఆ కాయితం చేసే పని ఏమిటో తెలిసింది. వేలు పెడితే మిషను కూసింది. డీలరు రాఘవులు కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు.

“అత్తా, నీకు బియ్యం లేవు. ‘అతిమానుషులు ఆహార భద్రతకు అతీతులు’ అని పడుతోంది.”

“ఎవురు ఆళ్ళు?”

“నువ్వే.”

“నేనా? మరి మా కోటిగాడి బియ్యం?”

“కోటిలింగం... ‘అతిమానుషి అనుచరుడు’. అతనికీ లేవు. అనుచరుడంటే హీరో వెనకాల ఉండేవాడంట. అన్నం హీరోనే చూసుకోవాలంట.”

వీధిలో ఆడవాళ్ళందరికీ అదే కూత. అక్కడితో ఆగలేదు. జ్వరం వచ్చి ఆసుపత్రికి పోయిన పుల్లమ్మని నర్సు తిప్పి పంపింది. అతిమానుషులకి జ్వరం రాదట, వస్తే అది శత్రువుల పన్నాగం కిందకి వస్తుందట. అది వేరే శాఖ. ఉపాధి పనికి పోతే మేస్త్రీ దణ్ణం పెట్టాడు: “మీరు చెరువంతా ఒక్క పొద్దున తవ్వేస్తే మామూలోళ్ళు ఏం తినాలమ్మా?” సంతకి పోయే బస్సులో కండక్టరు, ఎగరగలిగినవాళ్ళు సీట్లలో కూర్చుంటే కుదరదన్నాడు.

“నీ బొమ్మలు తగలెయ్య,” అంది పుల్లమ్మ, కోటిలింగం గడపలో నిలబడి. “మమ్మల్ని మళ్ళీ మనుషుల్ని చెయ్యి.”

కోటిలింగం మళ్ళీ బస్సెక్కాడు.

“రద్దా?” అన్నారు పరాంకుశరావు గారు నొచ్చుకుంటూ. “శక్తిని రద్దు చేయాలంటే, పోయిన శక్తిని మా ముందు హాజరుపరచాలి. ఉడుపు మార్చుకుంటే మారువేషం అంటాం, అది అదనపు అర్హత. లక్ష్యం మానుకుంటే విశ్రాంతిలో ఉన్న వీరుడు. ఒక్కటే దారి. రహస్య భంగము. ఆమె భోంచేస్తుండగా మేము కళ్ళారా చూడాలి. ఆమె హోదా పోతే వీధికంతా పోతుంది, మూలపాత్ర ఆమే కనుక.”

“హోదా పోతే నా బొమ్మల కథ?”

“అదీ పోతుంది.”

కోటిలింగం కిటికీలోంచి బయటికి చూశాడు. మబ్బులు ఇప్పుడు నిజంగానే కురుస్తున్నాయి. గోడ రాతలు ఇంకెన్నాళ్ళకో. 

“రండి సార్,” అన్నాడు. “చూద్దురు గాని.”

పరాంకుశరావు గారూ విశ్వేశ్వరమూ మధ్యాహ్నం వేళకి వచ్చారు. నాంచారమ్మకి వాళ్ళు ఎందుకు వచ్చారన్నది పట్టలేదు. ఎండనపడో వాననపడో ఇంటికి వచ్చినవాళ్ళు, అంతే. దోసకాయ పప్పూ, చింతకాయ పచ్చడీ చేసి, పీటలు వాల్చింది.

“మీరు భుజించండమ్మా, మేము చూస్తాము,” అన్నారాయన.

“బానే ఉంది సంబడం! ఇంటికొచ్చినోళ్ళు చూస్తుంటే నేను తినాల్నా? కూర్చోవయ్యా ముందు. నువ్వు కూడా కూర్చో నాయనా, గాలొస్తే కొట్టుకుపోయేట్టున్నావు.”

ఇద్దరూ కూర్చున్నారు. పరాంకుశరావు గారు పప్పు మూడుసార్లు కలుపుకున్నారు. అన్నం మారు అడిగారు, ఆమె పెట్టింది. విశ్వేశ్వరం వద్దంటూనే తిన్నాడు, అయినా పెట్టింది. కోటిలింగమూ తిన్నాడు.

“ఇక తమరు,” అని పరాంకుశరావు గారు చెయ్యి కడుక్కోవడానికి వాకిట్లోకి పోయి, తుడుచుకుంటూ వచ్చేసరికి, నాంచారమ్మ గిన్నెలు బోర్లిస్తోంది.

“తినరా?”

“అయిపోయిందయ్యా.”

“అప్పుడే?!” ఆయన విశ్వేశ్వరం వైపు తిరిగారు. “చూశావా?”

“లేదు సార్. నేనూ చెయ్యి కడుగుతున్నాను.”

“అదృశ్య భోజనము,” అన్నారు పరాంకుశరావు గారు మెల్లగా, గుడిలో మాట్లాడినట్టు. “రెండవ అతిశక్తిగా నమోదు చెయ్యి.” 

జీపు వెళ్ళిపోయింది. కోటిలింగం నవ్వుకుంటూ పెరట్లోకి పోయి, బోర్లించిన గిన్నెల దగ్గర ఆగాడు. కన్ను ఎక్కువ మనిషి కదా. మూడు కంచాలు తడిగా ఉన్నాయి. నాలుగోది, అంచు సొట్టపోయిన వదినె కంచం, చూరు కింద చిలక్కొయ్యకి పొద్దున ఎట్లా వేలాడుతోందో అట్లాగే ఉంది. పొడిగా. దాని మీద దుమ్ము సన్నగా ఉంది. ఇంట్లోకి వచ్చి బియ్యపు డబ్బా మూత తీశాడు. అడుగున రేకు మెరిసింది.

“వదినా, తిన్నావా?”

“తిన్నాగా. ఆయనెవురో రాసుకున్నాడు కూడా.”

“కంచం పొడిగా ఉంది.”

ఆమె పొయ్యిలో బూడిద ఎత్తుతూ వెనక్కి తిరగలేదు. “నీకీ తనిఖీలు ఎప్పటినించిరా? పో, పోయి బొమ్మలేసుకో.”

కోటిలింగం బొమ్మల పెట్టె ముందు కూర్చున్నాడు. ‘పిచ్చుక’ పాత సంచికలు తీసి, ఒక్కొక్కదానిలో చివరి గడి చూశాడు. బంతిలో అందరూ తింటున్నారు. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి వేశాడా బొమ్మని. గరిటెలోనూ గిన్నెలోనూ ఏమైనా మిగిలిందా అన్నది ఒక్కసారీ వెయ్యలేదు. ఆఫీసులో దాన్నే రహస్యమని చెప్పి, సర్టిఫికెట్టు పుచ్చుకున్నాడు.

మర్నాడు మండలిలో అతని మాట బయటికి పొడిగా వచ్చింది. “ఆవిడ కనపడకుండా తినలేదు సార్. అసలు తినలేదు. మనం తినేశాం.”

 పరాంకుశరావు గారి చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. తర్వాత అలవాటు ఆయన్ని ఆదుకుంది. “నిరాహార శక్తి,” అన్నారు. “ఇది మూడవ... విశ్వేశ్వరం?”

విశ్వేశ్వరం కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఉద్యోగంలో చేరాక ఆయన చెప్పింది రాయకపోవడం అదే మొదలు.

“మళ్ళీ రండి సార్,” అన్నాడు కోటిలింగం. “ఈసారి ఆవిడ ముద్ద ముడితేనే మీరు ముట్టేది.”

మిల్లు బోర్డుకి వాన కొట్టని వసారాలో అక్షరాలు రాసి, కూలి కింద బియ్యం తెచ్చి డబ్బాలో పోశాడు కోటిలింగం. ఎన్ని బియ్యం, ఎందుకు అని నాంచారమ్మ అడగలేదు. వండింది. వాళ్ళొచ్చారు. పీటలు నాలుగు వాల్చి ఉండటం చూసి ఆమె మొహం చిట్లించింది.

“నాలుగోది ఎవురికి?”

“నీకే.”

“నేను కూర్చుంటే ఒడ్డించేదెవురు?”

కోటిలింగం ఆమె చేతిలో గరిటె తీసుకున్నాడు. ఆమె వదల్లేదు. ఇద్దరూ కాసేపు గరిటె పట్టుకుని నిలబడ్డారు.

“నవ్వులాటగా ఉందా? మగోళ్ళ పక్కన కూర్చుని తినటమేంది? మీరు తినండి, నేను తర్వాత తింటా.”

“ఆ తర్వాత ఎప్పుడో నాకు తెలిసిపోయింది వదినా,” అన్నాడు కోటిలింగం.

ఆమె చూపు పక్కకి తిప్పుకుంది. పట్టు మాత్రం సడలలేదు. పీట మీద పరాంకుశరావు గారు గొంతు సవరించుకున్నారు. నిబంధన ఏదో చదువుతారనుకున్నాడు కోటిలింగం. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు.

“మాకు ఆకలిగా ఉందమ్మా,” అన్నారు మామూలు మనిషి గొంతుతో. “మీరు కూర్చుంటే గాని తినం.”

ఇంటికి వచ్చినవాళ్ళు ఆకలని చెప్పి, కంచాల ముందు తినకుండా కూర్చున్నారు. నాంచారమ్మ ఎన్ని బరువులు మోసినా ఇది మాత్రం మొయ్యలేకపోయింది. గరిటె వదిలేసింది.

కూర్చోవడం ఆమెకి చేతకాలేదు. మోకాళ్ళు ఎటు ముడవాలో తెలియక ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగింది. చివరికి మొహం కాస్త గోడవైపు పెట్టుకుని కూర్చుంది. కోటిలింగం సొట్ట కంచం తుడిచి ఆమె ముందు పెట్టి, నాలుగు కంచాల్లోనూ అన్నం సమంగా పెట్టాడు. పప్పు ఒలికింది.  తనూ కూర్చున్నాడు.

ఆమె ముద్ద కలిపింది. చిన్న ముద్ద, పిల్లలకి పెట్టేంత. పైకెత్తి, చుట్టూ ఒకసారి చూసి, నోట్లో పెట్టుకుంది.

పరాంకుశరావు గారు చూడాల్సింది అదే, దానికే వచ్చారు. కాని ఆయన తలవంచుకుని తన కంచంలోకి చూస్తున్నారు. విశ్వేశ్వరం తిన్నాక రాయాల్సిన రద్దు కాగితాలు పీట కింద ఉన్నాయి. వాళ్ళూ కలుపుకున్నారు.

గోడకున్న సర్టిఫికెట్టు పటం మీద పావడా ఆరుతోంది. చూరు నించి నీళ్ళు పడుతున్నాయి. కొంతసేపటికి నాంచారమ్మ చెయ్యి అలవాటు కొద్దీ గిన్నె అడుగున రోజూ తనకి మిగిలే మాడు కోసం సాగింది. అక్కడ లేదు. అది కోటిలింగం కంచంలో ఉంది. ఆమె మరిది మొహం వైపు చూసింది. అతను తలెత్తలేదు, నములుతున్నాడు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, తన అన్నం తను కలుపుకుంది. నలుగురూ తిన్నారు.